ఒంటరిగా మొగ్గేసిన నాప్‌వీడ్

నా మోకాళ్ళు రిటైరై రెండేళ్ళయింది. నేను ఈ నెలాఖరుకి అవుతాను.

నర్సరీ షెడ్డు వెనక, రోజంతా ఎండ తగిలే గోడ పక్కన, రాళ్ళూ సున్నపురాయి ముక్కలూ పేర్చి నేనే కట్టిన మడి ఒకటుంది. అందులో రెండే మొక్కలు. నాప్‌వీడ్ అనే జాతిలో ఒక అడవి రకం. అది పుట్టిన కొండను క్వారీ మింగేసింది. అక్కడ ఏరి తెచ్చిన గింజల్లో మొలిచి బతికి బట్టకట్టినవి ఈ రెండే. నర్సరీలో అందరూ వీటిని ‘మొండివి’ అంటారు. ఎరువు వెయ్యకూడదు. మట్టి బాగా ఎండితే తప్ప నీళ్ళు పొయ్యకూడదు. వేరు ముల్లంగిలా లోతుకు దిగుతుంది కాబట్టి చోటు మార్చకూడదు. ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండటమే దీని పెంపకం. అదెంత చాకిరీయో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఏళ్ళ తరబడి ఆకులు నేలకు పరుచుకుని కూర్చుంటుంది. ఒంట్లో బలం చేరిందనుకున్న ఏడాది కాడ లేపి, పొలుసులు కప్పుకున్న మొగ్గలు వేసి, ఊదారంగు కుచ్చుల్లా పూసి, గింజలు రాల్చి చచ్చిపోతుంది. ఆ పూయడం ఒక్కసారే. అది చాలదన్నట్టు ఇంకో తిరకాసు కూడా ఉంది: దాని పుప్పొడి దానికి పనికిరాదు. పక్కది కూడా అదే సమయానికి పూస్తేనే గింజ కడుతుంది. లేకపోతే వట్టి పొట్టే.

ఎండాకాలానికి ముందు నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు మడిని చూసుకోమని మా ఆయన్ని పంపాను. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన లెక్కలో మొక్కలు రెండే రకాలు: రోడ్డుకు అడ్డమొచ్చేవి, రానివి. “చూసి రండి చాలు, చెయ్యి పెట్టకండి” అని లక్షసార్లు చెప్పాను. గోడకు చెప్పినా బాగుండేది.

ఈ ఉదయం చూద్దును కదా, చిన్నమొక్క కాడ లేపి మొగ్గలతో నిలబడి ఉంది. పెద్దది మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఆకులు పరుచుకునే ఉంది. చిన్నదాని మొదట్లో వేలితో గీరాను. నల్లగా పశువుల ఎరువు తగిలింది.

మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా తెచ్చిన ఆయన్ని చెయ్యి పట్టుకుని మడి దగ్గరికి లాక్కెళ్ళాను.

“ఏంటండీ ఇది?”

“మొగ్గలేసిందా?” ఆయన ముఖం వెలిగిపోయింది. “పక్కదానికంటే పీలగా ఉందే, పాపం. అందుకే గుప్పెడు గుప్పెడు వేశా. అప్పుడు నీకేమో ముద్ద దిగట్లేదు. ఇదన్నా తింటుందని.”

“మీ జాలి పాడుగానూ! ఇదిప్పుడు ఒంటరిగా పూసి చస్తుంది. పెద్దది వచ్చే ఏడుగానీ పూయదు. గింజ రాదు. ఇంతటితో సరి.”

ఆయన తల అటూ ఇటూ తిప్పుతూ మొగ్గల కోసం వెతుక్కున్నారు. ఆయన చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోంది. చూడాలనుకున్నవన్నీ తొందరగా చూసెయ్యమన్నాడు డాక్టరు. ఉద్యోగమంతా రోడ్డు తప్ప పక్కకు చూడని మనిషి. నేను రిటైరవగానే ఇద్దరం కిటికీ పక్క సీట్లో కూర్చుని బస్సుల్లో ఊళ్ళు తిరగాలని ఆయన ఆశ.

“మొగ్గలు కోసేస్తే?” అన్నారు.

అదొక్కటే దారి. మొగ్గ వేసినప్పుడల్లా కోస్తూ పోతే ఒక్కోసారి చావు వాయిదా వేసుకుని మరుసటి ఏడు పూస్తుంది. కానీ అన్నాళ్ళూ ఎవరో ఒకరు కాచుకుని ఉండాలి. నా తర్వాత వచ్చేవాళ్ళకు పచ్చిక పెంచడం తప్ప తెలీదు. కలుపనుకుని పీకి పారేస్తారు. ఇంకో ఏడాది ఉండమని ఆఫీసరమ్మ పొద్దున్నే అడిగింది. ఆ సంగతీ ఆయనకు చెప్పేశాను.

“కొయ్యను. అలిసిపోయానండీ, ఇంక నావల్ల కాదు. పూసి చావనివ్వండి. నెలాఖరుకి మనం బస్సెక్కుతున్నాం.”

“కత్తెరివ్వు.”

“ఏమండీ!”

“కిటికీ పక్కన కూర్చోబెట్టినా నీ మనసు ఇక్కడే ఉంటుంది. నేను చూసింది చెప్పుకోడానికి నాకు పక్కన మనిషుండొద్దూ?”

నా జేబులోంచి ఆయనే కత్తెర తీసుకున్నారు. వేళ్ళతో కాడ తడుముకుంటూ ఒక్కొక్క మొగ్గా కోశారు. చివరిదాన్ని కాసేపు అరచేతిలో పట్టుకున్నారు.

“ఏడాదేగా. నా కళ్ళు ఆగుతాయిలే.”

ఆగవని ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపు రావాల్సింది. ముందు సంతోషం వచ్చింది, మొక్క దక్కిందని. అది నా ముఖంలో కనబడే ఉంటుంది. ఆయన అప్పుడు నన్నే చూస్తున్నారు. సూటిగా ఎదురుగా ఉన్నది ఆయనకింకా బాగానే కనబడుతుంది.