నవ్వుల కింద పోయిన మాట

నాకు అన్నిటికంటే పెద్ద భయం, ఈ శనివారం మేం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాక పక్కింటి హెట్టీని దాని మొగుడు ఆర్నాల్డ్ చంపేస్తాడని. కాస్త రాయడం, మా ఆయన బూట్ల చప్పుడేమోనని ఆగడం, మళ్ళీ రాయడం. మీలాగే నన్నూ పన్నెండేళ్ళకే సగం పూట బడి మాన్పించి మగ్గాల మిల్లులో వేశారు. తప్పులుంటే సర్దుకోండి.

బర్న్‌లీలో మా వీధి ఇళ్ళు మీకు తెలుసుగా, ఒకే గోడకి అటు వాళ్ళు, ఇటు మేము. వాళ్ళ పొయ్యి వెనకే మా పొయ్యి. కుర్చీ పడినా తెలుస్తుంది, మనిషి పడినా తెలుస్తుంది. "విన్నావా?" అని మా ఆయన బెర్ట్‌ని అడిగితే, "నీకెందుకే? వాళ్ళింట్లో వాళ్ళిష్టం. నా కోటు గుండీ కుట్టావా లేదా?" అనేవాడు. మా అత్తగారిది ఇంకో పాట. "ఆ హెట్టీ నోరు ఊరుకోదమ్మా. నేనెప్పుడైనా మీ మామగారి ముందు నోరెత్తానా?" ఎత్తలేదు, నిజమే. ఆవిడకి ఎడమ చెవి వినపడదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నేను గుండీ కుట్టేదాన్ని. పిల్లాడి గుడ్డలు ఉడకేసి, బెర్ట్ గని నుంచి వచ్చేసరికి నీళ్ళు కాచి, అతని వీపు మీది బొగ్గుమసి రుద్ది కడిగి, గడప తోమి, ఆ చేతులతోనే రొట్టె పిండి పిసికేదాన్ని. చెవి మాత్రం గోడకే. భయపడడం కూడా ఇంటిపనే అయిపోయింది నాకు. దానికీ కూలి లేదు.

ఆమధ్య ఊళ్ళోకి మాట్లాడే సినిమా వచ్చింది. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. మా ముందు వరసలో హెట్టీ, ఆర్నాల్డ్. సినిమాలో, మొగుణ్ణి పెనంతో కొట్టి చంపిందని ఒకావిడ మీద కేసు. కేసు హత్యదే గానీ అంతా నవ్వులాటే. జడ్జి గురక పెడతాడు, లాయరు విగ్గు ఊడి సిరాలో పడుతుంది. పక్కింటావిడ సాక్ష్యానికొస్తుంది. "చనిపోయే ముందు ఆయన అన్న ఆఖరి మాట ఏమిటమ్మా?" అని లాయరు గంభీరంగా అడిగితే, "'ఉప్పు తక్కువైంది' అన్నాడండీ" అంటుంది. హాలు దద్దరిల్లిపోయింది. బెర్ట్ తొడ చరుచుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

జనం నవ్వుతున్నారని బొమ్మ ఆగదు కదా. సాక్షి చెబుతూనే ఉంది, గొంతు నవ్వుల్లో మునిగిపోయింది. మగవాళ్ళకి ఆ మాట పోయింది. మాకు, మిల్లు ఆడవాళ్ళకి, పోలేదు. మగ్గాల మోతలో పెరిగినవాళ్ళం, పెదాలు చూసే మాట్లాడుకుంటాం. ఆవిడ అంటోంది: "వాడు కొట్టడం ఏళ్ళ తరబడి గోడలోంచి విన్నానండీ. మనకెందుకని ఊరుకున్నాను."

ఒక్కో వరసలో ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. మగవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. హెట్టీ వెనక్కి తిరిగింది. ఆ తెర వెలుతురులో దాని పెదాలు కదిలాయి, చప్పుడు లేకుండా. "నీకూ వినపడుతుంది కదా, ఆల్మా?"

నేను తలూపాను. ఆర్నాల్డ్ దాని మెడ పట్టి ముందుకి తిప్పాడు. "అటేం చూస్తావే? బొమ్మ ఇటుంది."

ఇంటికొస్తూ వాడే జోకులు. "నన్నూ కొడతావా పెనంతో? ముందు ఎత్తే బలం ఉండాలిగా!" బెర్ట్ నవ్వాడు. హెట్టీ కూడా నవ్వింది. నా పళ్ళు మాత్రం టకటకా కొట్టుకున్నాయి, చలి అనుకున్నారు.

ఆ వారంలోనే, టీ వేళకి, గోడ అవతల మళ్ళీ మొదలైంది. నిప్పులు ఎగదోసే చువ్వ తీసి పొయ్యి వెనక ఇనప పలక మీద బాదాను. మన వీధుల్లో ఆ చప్పుడుకి అర్థం తెలుసుగా, పక్కవాళ్ళని పిలవడం. అవతల చప్పుడు ఠక్కున ఆగింది.

"మతిపోయిందా? రేపు వీధిలో వాడి మొహం ఎలా చూడను?" అన్నాడు బెర్ట్.

"నువ్వు చూడక్కర్లేదు. నేను విన్నానని వాడికి తెలిస్తే చాలు."

అప్పట్నించీ చప్పుడైనప్పుడల్లా బాదుతున్నాను, బాదినప్పుడల్లా ఆగుతోంది. వాడు మారాడని కాదు. సాక్షి ఉందని తెలిసింది, అంతే. మొన్న నల్లా దగ్గర ఎదురై, చిరునవ్వుతో, "పొయ్యి పాడైందా ఆల్మా? తెగ కొడుతున్నావు. ఇంట్లో పసివాడున్నాడు, జాగ్రత్త" అన్నాడు. బకెట్ అక్కడే వదిలేసి వచ్చాను.

ఇప్పుడు బెర్ట్ పనిచేసే గని మూతపడింది. దూరాన నాటింగ్‌హామ్ వైపు ఇంకో గనిలో పని దొరికింది, సామాన్ల బండి శనివారం వస్తుంది. "హెట్టీ కోసం నా పిల్లాణ్ణి పస్తు పెట్టమంటావా?" అంటాడు. పోలీసు దగ్గరికెళితే, "మొగుడూ పెళ్ళాల గొడవమ్మా, ఇంటికెళ్ళు" అన్నాడు. మాతో వచ్చెయ్యవే అని హెట్టీని అడిగితే, "వచ్చి మీ అత్తగారి మంచం కింద పడుకోనా?" అంది. నవ్వబోయి, చిట్లిన పెదవి నొప్పెట్టి ఆపేసింది. వాడు దాన్ని మిల్లు కూడా మాన్పించాడు. మీ కంట పడే దారి లేదు.

ఈ ఉత్తరం మిల్లులో మీకిచ్చి వెళుతున్నాను. ఆడవాళ్ళు మాత్రమే చదవండి. మా ఇంట్లోకి ఎవరొస్తారో, వాళ్ళకి పక్కింటి సంగతి పడుతుందో లేదో తెలీదు. కాబట్టి మీరే ఒకరి తర్వాత ఒకరు వెళ్ళండి, చక్కెర కావాలనో సూది కావాలనో. తలుపు వాడే తీస్తాడు. "పడుకుంది" అంటాడు. "లేచేదాకా కూర్చుంటాను" అనండి. హెట్టీ మొహం కనపడేదాకా ఆ గడప దిగకండి.