ఫుసా పీకేసిన కరమత్సులు

ఫుసా పుట్టింది దక్షిణాన సముద్రపు ఒడ్డున, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే కర్పూరం చెట్ల మధ్య. యుద్ధం ముగిసిన మూడో ఏట, ఇంకా మంచు పూర్తిగా కరగకముందే, మొగుడు కిసాకుతో యత్సుగతకే కొండ కింద బంజరుకు వచ్చి పడింది. కిసాకు ఆనకట్ట పనికి పోతూ, "ఈ వాలంతా కరమత్సు మొక్కలు నాటు. అవి బతికితే మనం బతికినట్టే" అన్నాడు. ఆమె ఒక్కతే ఎనిమిది వందల మొక్కలు నాటింది. పైన్ చెట్టుకు మల్లే సూదుల్లాంటి ఆకులు కదా, చలికాలమైనా పచ్చగానే ఉంటాయనుకుంది.

అక్టోబరు ఆఖరుకు మొక్కలన్నీ పసుపు తిరిగాయి. ముట్టుకుంటే సూదులు జలజలా రాలాయి. గట్టు మీది పైన్ చెట్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.  ఏదో తెగులు తగిలి చచ్చాయనుకుని, ఫుసా ఏడుస్తూనే ఒక వరస పట్టుకుని పీకడం మొదలుపెట్టింది.

నలభై దాకా పీకేసరికి, పుట్టగొడుగుల బుట్టతో అటుగా పోతున్న పొరుగింటి షిగే కేకేసింది.

"ఓసి పిచ్చిమొహమా! నిద్రపోయే పిల్లల్ని జుట్టు పట్టి లాగుతున్నావేంటే?"

"చచ్చిపోయాయి పెద్దమ్మా. ఆయనకేం చెప్పను?"

షిగే ఒక మొక్క అందుకుని గోటితో బెరడు గీకింది. లోపల లేత పచ్చ.

"ఇదా చచ్చింది? కరమత్సు ఏటా ఆకు రాలుస్తుందే. నీ పైన్ మాత్రం తక్కువ తిందా?" అంటూ గట్టు మీది కొమ్మ విడదీసి చూపించింది. లోపలి పాత సూదులు ఎర్రగా మాడి ఉన్నాయి. "ఇది చాటుగా రాలుస్తుంది, అది బాహాటంగా. రా నాతో."

చెయ్యి పట్టుకుని గుట్ట దాటించింది. అవతల వాలంతా పాత కరమత్సుల అడవి, నిలువెల్లా బంగారం. గాలి వీచగానే సన్నని జల్లులా సూదులు కురిశాయి. జుట్టులో, మెడ మీద, బుట్టలో. బాట కనబడకుండా పోయింది. ఫుసా నోరు తెరిచి నిలబడిపోయింది. 

"ఇంత అందం ఇంత దగ్గర్లో ఉందా పెద్దమ్మా?"

"నువ్వు తలెత్తితే కదే! వచ్చిన దగ్గర్నుంచీ మట్టినే చూస్తున్నావ్."

పొద్దు గూకేలోగా ఇద్దరూ కలిసి ఆ నలభైనీ మళ్ళీ నాటారు. మే నెలలో వాటిలో ముప్ఫై నాలుగు మొక్కలు చిగుళ్ళు తొడిగాయి. తిరిగొచ్చిన కిసాకు, "ఈ వరసేంటి ఇలా వంకరగా ఉంది?" అని అడిగితే, ఫుసా సిగ్గుపడుతూ జరిగిందంతా చెప్పేసింది. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.