సుందరమ్మ చెప్పినట్టు కాల్చిన రొట్టె

సుందరమ్మకు కొమురమ్మ అంటే పడదు. ఈ మాట ఆమె ముందు అంటే ఒప్పుకోదు. బైబిలు తెరిచి, పొరుగువారిని ప్రేమించమన్న వాక్యం మీద వేలు పెట్టి చూపిస్తుంది. కానీ పడదు. కొమురమ్మ పేరు చెవిన పడితే చాలు, ఆమె కడుపులో మంట లేచేది. ఆ మంటకు ఆమె ‘సంఘం గురించి దిగులు’ అని పేరు పెట్టుకుంది.

పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదిలో శాలిబండలో క్రైస్తవుల ఇళ్లు పదో పన్నెండో ఉండేవి. వాళ్లకు గుడి లేదు. సంఘపెద్ద పెంటయ్య ఇంటి ముందరి గదిలో చాపలు పరుచుకుని ఆదివారం ఆరాధన చేసుకునేవాళ్లు. నెలకొక్కసారి మూసీ అవతలి నుంచి పాస్టరు బాబురావు అయ్యగారు సైకిలు మీద వచ్చి ప్రభువు బల్ల ఇచ్చేవాడు. యేసు కడసారి భోజనానికి గుర్తుగా తినే ఆ బల్ల అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. ఒక్క రొట్టె, ఎండుద్రాక్షలు ఉడికించి పిండిన గిన్నెడు రసం, అంతే. కానీ ఆ రొట్టె పన్నెండేళ్లుగా సుందరమ్మ చేతి రొట్టె. మొగుడు పోయి, పిల్లలు లేక, కుట్టుపనితో బతికే మనిషికి లోకంలో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. నెలకోసారి అందరూ తన చేతి రొట్టె తింటుంటే, తలవంచుకుని కళ్లు మూసుకుని కూడా ఆమె కాస్త గర్వపడేది.

కొమురమ్మ బాప్తిస్మం తీసుకుని రెండేళ్లు కూడా కాలేదు. షఫీఉద్దీన్ సాబు ఉండే పెద్ద భవంతి, దేవిడీలో వంటింటి పని. అంటే గిన్నెలు తోముతుందని సుందరమ్మ అనుకుంది. అడిగి తెలుసుకునేంత చనువు ఆమె ఎన్నడూ ఇవ్వలేదు. కొమురమ్మకు అక్షరం రాదు. ప్రార్థన మధ్యలో ముసల్మానుల్లా ‘యా మాలిక్’ అనేస్తుంది. కూతురి మెడలో దర్గా తాయెత్తు ఇంకా వేలాడుతూనే ఉంది. అయినా ఆమె నోరు విప్పితే ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. సుందరమ్మ ప్రార్థన ఆదాము దగ్గర మొదలై ఒక్క తప్పు లేకుండా ఆమెన్ దాకా నడిచేది. ఆ మధ్యలో ఇద్దరు ముగ్గురు హాయిగా ఒక కునుకు తీసేవారు.

ఇదంతా ఎట్లాగో ఓర్చుకునేదే. కానీ వానాకాలంలో పెంటయ్యకు జ్వరం వచ్చింది. సుందరమ్మ మూడు రోజులు మంచం పక్కన మోకాళ్లు నొప్పిపుట్టేలా ప్రార్థించింది. నాలుగో రోజు కొమురమ్మ వచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి, “యేసయ్యా, ముసలాయనను లేపు” అని వెళ్లిపోయింది. సాయంత్రానికి పెంటయ్య లేచి గంజి తాగాడు. మూడు రోజుల తన ప్రార్థన లెక్కలోకే రాకుండా పోయిందని సుందరమ్మ ఆ రోజు అన్నం కూడా తినలేదు.

లేచిన పెంటయ్య ఊరుకున్నాడా? అయ్యగారు వచ్చినప్పుడు అందరి ముందూ అన్నాడు.

“అయ్యగారూ, వచ్చే నెల బల్ల రొట్టె కొమురమ్మ చేస్తే బాగుంటది. సుందరమ్మకు గూడ జర ఆరాం దొరుకుతది.”

అయ్యగారు మంచిదన్నాడు. సుందరమ్మ కూడా నవ్వుతూ మంచిదే అంది. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని, ఆరాం ఎవడడిగాడని గోడలతో పోట్లాడి ఏడ్చింది.

బల్ల ఇంకా నాలుగు రోజులుందనగా కొమురమ్మ ఆమె గడపలోకి వచ్చింది.

“అక్కా, దేవుని రొట్టె ఎట్ల చెయ్యాల్నో నాకు తెల్వది. నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్లే చేస్త.”

సుందరమ్మ కుట్టుమిషను ఆపలేదు. “ఉప్పు వెయ్యొద్దు. పులిసిందేదీ కలపొద్దు. వేలంత మందం ఉండాలె,” అంది. ఇంతవరకు నిజమే. తర్వాత చెప్పాల్సింది, పిండిని తడిబట్ట కింద గంటసేపు నాననివ్వాలని, నిప్పుల మీద బూడిద చల్లి సన్నని సెగన కాల్చాలని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. సుందరమ్మ మింగేసింది.

“పిండి నానబెట్టొద్దు. కలపంగనే కాల్చాలె. నిప్పులు భగభగ మండాలె.”

కొమురమ్మ కొంచెం తడబడింది. “నానకుంటే, అక్కా...”

“ఇశ్రాయేలీయులు ఐగుప్తుల బానిస బతుకు ఇడిచి తొందరల బయలెల్లిండ్రు. పిండి నానబెట్టుకునే తీరిక ఏడిది వాళ్లకు? గ్రంథంల ఉన్నది.”

గ్రంథం అనగానే కొమురమ్మ చేతులు జోడించింది. ఇంకేమీ అడగకుండా, తలూపి వెళ్లిపోయింది.

అబద్ధానికి వాక్యం తోడు తెచ్చుకున్నందుకు సుందరమ్మకు భయం వేసింది. శుక్రవారం నిజం చెప్పేద్దామని దేవిడీ మలుపు దాకా నడిచింది కూడా. అక్కడ బాబూమియా అనే గాజులాయన ఎవరితోనో, “కొమురమ్మ దువా చేస్తే ఖాళీ పోదు,” అని ఆమె ప్రార్థనను మెచ్చుకుంటుంటే విని, గిరుక్కున వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆదివారం అయ్యగారు పళ్లెం మీది తెల్లగుడ్డ తీశాడు. రొట్టె పైనంతా బొగ్గులా ఉంది. విరవబోతే పైపొర ఫెళ్లున విరిగింది, లోపలి పచ్చిపిండి సాగి వేళ్లకు అంటుకుంది. చాపల మీద గుసగుసలు లేచాయి. సుందరమ్మ గుండె సంతోషంతో గంతులేసింది. ఇక అందరూ తన వైపే తిరిగి, నువ్వే చెయ్యాల్సింది సుందరమ్మా అంటారని ఎదురుచూసింది.

“గిదేంది, కొమురమ్మా?” అన్నాడు పెంటయ్య.

కొమురమ్మ ఏమీ సిగ్గుపడలేదు. “దేవుని రొట్టె గిట్లనే ఉంటది, పెద్దయ్యా. దేవిడీల దినాం నలభై రొట్టెలు కాలుస్త, ఒక్కటి మాడనియ్య. నిన్న నా చేతులు వద్దు వద్దన్నయి. కానీ గ్రంథంల ఉన్నదని సుందరక్క చెప్పింది. గ్రంథం కంటే నా చేతులు పెద్దయా?”

అందరూ సుందరమ్మ వైపు చూశారు. “ఔనా, సుందరమ్మా?” అని అడిగాడు అయ్యగారు.

తప్పించుకోవడం ఎంత పని? నేను ఒకటి చెబితే ఆమె ఒకటి విన్నదని అంటే సరిపోతుంది. చదువు వచ్చినదాని మాట నమ్ముతారు గానీ, రానిదాని మాట ఎవరు నమ్ముతారు? సుందరమ్మ ఆ మాట అనడానికే నోరు తెరిచింది.

“ఏ అధ్యాయమో చెప్పు అక్కా,” అంది కొమురమ్మ, ధీమాగా. “నాకు సదువు రాదు, నీకు ఎరుకే కద.”

అంత నమ్మిన మనిషి మీదికి తప్పు తోయడం సుందరమ్మకు చేతకాలేదు.

“నిర్గమకాండం, పన్నెండో అధ్యాయం,” అంది చివరికి. “తొందర సంగతి అందుల ఉన్నది. నానబెట్టొద్దనీ, నిప్పులు మండాలెననీ ఏడ లేదు. అది నేను కల్పించిన.”

“ఎందుకమ్మా?”

“ఓర్వలేక, అయ్యగారూ. నా రొట్టె గుంజుకున్నదని. అందరూ ఆమెనే పిలుస్తున్నరని.”

కొమురమ్మ ఆ మండే నిప్పుల మీద కాలి బొబ్బలెక్కిన వేళ్ల వైపు ఒకసారి చూసుకుంది. “గట్లనా,” అంది మెల్లగా. అక్క అన్న పిలుపు ఆ మాటలో లేదని సుందరమ్మకు తెలిసింది.

మనసులో పగ పెట్టుకున్నవాళ్లు బల్ల రొట్టె ముట్టకూడదని వాళ్ల నియమం. పన్నెండేళ్లలో సుందరమ్మ ఒక్కసారీ బల్ల తప్పలేదు. ఇప్పుడు లేచి, కొంగు తలమీదికి లాక్కుని, గడప వైపు నడిచింది. అయ్యగారు ఏదో అనబోయాడు. అంతలో కొమురమ్మ గొంతు లేచింది.

“ఏడికి పోతున్నవ్?”

సుందరమ్మ ఆగింది.

“గీ మాడిన రొట్టె మేమందరం తినాలె, నువ్వు ఇంటికి పోయి మంచి రొట్టె కాల్చుకొని తింటవా? మస్తుగున్నదే! నువ్వు చెప్పిన రొట్టె ఇది. వచ్చి కూసో. నువ్వూ తిను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, అయ్యగారు కూడా. కొమురమ్మ మాత్రం నవ్వలేదు. కళ్లల్లో నీళ్లున్నాయి, కోపం కూడా ఉంది. అయినా పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. సుందరమ్మ వచ్చి కూర్చుంది.

పళ్లెం తిరిగి ఆమె దగ్గరికి వచ్చింది. ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. పైన చేదు, లోపల పచ్చి. కళ్ల నుంచి నీళ్లు కారాయి. అవి పశ్చాత్తాపపు కన్నీళ్లే, అందులో అబద్ధం లేదు. కానీ అదే నిమిషంలో, ఇంతమంది ముందు ఇంత తేలిగ్గా క్షమించడం కూడా దీనికే చేతనైందా అని, సుందరమ్మ కడుపు మళ్లీ మండింది. ఆ మంటతోనే ఆమె ముక్కంతా నమిలి మింగింది.