రాజమణి చెవుల్లో చప్పుడు

కోరుట్లలో పొద్దున ఆరుంబావుకు రాజమణి గడప దాటిందంటే, దుబాయిలో ఆమె భర్త సాంబయ్య కూడా లేబర్ క్యాంపు గది తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగుతున్నాడన్నమాటే. అక్కడ అప్పటికి ఇంకా ఐదు కూడా కాదు. ఆయన కంపెనీ బస్సు ఆగే చోటికి నడవాలి. ఈమె షుగరు తగ్గడానికి నడవాలి. ఎవరి నడక వాళ్లది, ఫోను మాత్రం ఇద్దరిదీ.

ఇరవై ఏళ్లుగా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేయడమే రాజమణి పని. కూర్చున్న చోటి నుంచి లేవకపోతే ఒళ్లు ఊరుకుంటుందా? షుగరు బయటపడింది. "రోజు అరగంట నడువమ్మా. నడుస్తుంటే ఛాతీల ఏమన్న తేడా అనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకు" అని చెప్పి పంపాడు డాక్టరు. పనీపాటా లేనిదానిలా ఒక్కతే రోడ్డు మీద తిరగడం ఆమెకు నామోషీ అనిపించింది. ఆ మాటే సాంబయ్యతో అంటే నవ్వాడు.

"గదే యాళ్లకు నేను గూడ నడుస్తనే ఉంట గదనే. ఫోన్ జేస్త. ఇద్దరం కలిసి పోదం."

పెళ్లయి ఇరవై ఆరేళ్లు. రెండేళ్లకోసారి ఆయన వచ్చేది రెండు నెలలు. ఆ రెండు నెలలూ చుట్టాలకూ పెళ్లిళ్లకూ చాలేవి కావు. నిజం చెప్పాలంటే మొగుడూ పెళ్లాం తీరుబడిగా మాట్లాడుకోవడం ఈ నడకతోనే మొదలైంది. క్యాంపు వెనక పిల్లి మూడు కూనలు పెట్టిందని ఆయన చెప్పేవాడు. మెట్‌పల్లి బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లలు ఎట్లా తయారై వచ్చారో ఈమె చెప్పేది. ఆయన బస్సెక్కేవేళకు ఈమె ఇల్లు చేరేది.

ఒకరోజు ఫోను చెవికి ఆనించుకుని మాటల్లో పడి రోడ్డు మీది గుంత చూసుకోలేదు రాజమణి. కాలు మడతపడి నాలుగు రోజులు కుంటింది. ఆ సంగతి కూతురు స్రవంతికి తెలిసింది. స్రవంతి సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఆ నెల జీతం రాగానే వైర్లు లేని బడ్స్ రెండు జతలు కొంది, రెండూ ఒకటే రకం. ఒక జత తల్లికి, ఇంకో జత దుబాయి పోతున్న తెలిసినాయన చేతికిచ్చి తండ్రికి.

"గీ రబ్బరు మూతి ఉంది సూడు, గది చెవులకు పోవాలె. పెట్టి కొంచెం తిప్పు. బయటి మోత ఏం రాదు, బాపు మాటొక్కటే ఇనొస్తది" అని తల్లికి నేర్పి వెళ్లింది.

కూతురు చెప్పినట్టే అయింది. తెల్లారి సాంబయ్య గొంతు రాజమణికి పక్కన నిలబడి మాట్లాడినంత దగ్గరగా వినిపించింది. ఆయన దగ్గు, ఆయన నవ్వు, మాటకు మధ్య పీల్చే గాలితో సహా. ఆమె ఒంటరిగా రోడ్డు మీదే సిగ్గుపడింది.

కానీ నాలుగడుగులు వేసేసరికి ఇంకో చప్పుడు మొదలైంది. దబ్. దబ్. దబ్. తల లోపల ఎవరో రోకలి వేస్తున్నట్టు. ఆగింది. చప్పుడూ ఆగింది. మళ్లీ నడిచింది. మళ్లీ దబ్, దబ్. వేగంగా నడిస్తే అదీ వేగంగా కొట్టుకుంటోంది.

రాజమణికి భయం పట్టుకుంది. డాక్టరు చెప్పిన తేడా ఇదే కాబోలనుకుంది. పక్కింటి పోశవ్వ భర్త కూడా ఇట్లాగే రెండేళ్ల కిందట, నడుస్తూ నడుస్తూ కూలబడిపోయాడు. ఇంట్లో చాట ముందు కూర్చుంటే ఏమీ లేదు. నడిస్తేనే వస్తోంది. అంటే గుండే.

సాంబయ్యకు చెప్పలేదు. అంత దూరంలో ఉన్న మనిషి, వింటే తిండి మానేస్తాడు. ఊరికే అడుగు నెమ్మది చేసింది. చప్పుడు పెద్దదైనప్పుడల్లా ఏదో ఒక సాకుతో ఆగేది.

"ఏందే, ఆగినవ్?" అని అటు నుంచి అడిగేవాడు.

"చెప్పు తెగింది."

"మొన్న గూడ గదే చెప్పు తెగింది గద?"

"ఇది రెండో కాలుది. నువ్వేంది, నువ్వు గూడ ఆగినట్లున్నవ్?"

"బస్సు ఇంక రాలే."

"రాకుంటే? అక్కడిదాంక నడువాలె గద!"

"నడుస్తున్న తీయ్, ఏం తొందరున్నది."

ఆయన గొంతులో కూడా ఏదో నీరసం వినబడేది రాజమణికి. ఎండలకు అట్లా ఉన్నాడేమో అనుకునేది. ఇదివరకు పొంగుకొచ్చే మాటలు తగ్గిపోయాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నడుస్తున్నట్టే ఉండేది.

మూడు వారాలు అట్లా గడిపి, ఇక భరించలేక ఒక మధ్యాహ్నం బీడీలు చేస్తూ పోశవ్వతో చెప్పేసింది. పోశవ్వ చేతిలోని ఆకు కింద పెట్టింది.

"మీ ఆయనకు చెప్పినవా?"

"చెప్పలే అక్కా. నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు."

పోశవ్వ చెప్పనని ఒట్టేసింది. రాజమణి నీళ్లకు లోపలికి వెళ్లిన ఐదు నిమిషాల్లో స్రవంతికి ఫోన్ చేసి మొత్తం చెప్పింది. తన ఇంట్లో జరిగినట్టు ఇంకో ఇంట్లో జరగకూడదని ఆమె తపన.

స్రవంతి మర్నాడే సిరిసిల్ల నుంచి దిగింది. వచ్చీ రాగానే తల్లిని తిట్టింది. తిడుతూనే తల దువ్వి, చీర సర్ది, జగిత్యాల బస్సెక్కించింది. బస్సులో తల్లి చెయ్యి వదలలేదు. రాయికల్ రోడ్డు దాటాక రాజమణి మెల్లగా, "నాకేమన్న అయితే మీ బాపుకు పొద్దుగాల ఫోన్ నువ్వే జెయ్యాలె బిడ్డా. ఆయన ఒక్కడే నడుస్తడు" అంది. స్రవంతి కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసీజీ తీయించింది. ఇంకో రెండు పరీక్షలు చేయించింది. కాగితాలన్నీ చూసి, నాడి పట్టుకుని, కళ్లద్దాలు పైకి జరిపింది.

"మీ గుండె గట్టిగ ఉందమ్మా. ఏం ఫికర్ లేదు."

"మరి గా చప్పుడేంది మేడం?"

"ఇప్పుడు ఇక్కడి నుంచి ఆ తలుపు దాక నడవండి. వస్తుందా?"

రాజమణి నడిచింది. రాలేదు. వచ్చేటప్పుడూ రాలేదు. తనే అబద్ధమాడినట్టు ముఖం చిన్నబోయింది.

"రోజు గా చప్పుడు వచ్చేటప్పుడు చెవులల్ల ఏమన్న పెట్టుకుంటరా?"

స్రవంతి ఒక్కసారిగా తల్లి వైపు చూసింది. "బడ్స్ పెట్టుకుంటది మేడం. మా బాపుతోని మాట్లాడుతది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "అయితే రెండు చెవులల్ల వేళ్లు గట్టిగ పెట్టుకుని మళ్ల నడవండి."

రాజమణి చెవుల్లో వేళ్లు పెట్టుకుని అడుగు వేసింది. దబ్. ఇంకోటి వేసింది. దబ్. కళ్లు పెద్దవి చేసుకుని వరండాలోకి నడిచింది. స్రవంతి కూడా చెవులు మూసుకుని వెనకే వెళ్లింది. వంతు కోసం కూర్చున్న వాళ్లు చెవులు మూసుకుని తిరుగుతున్న తల్లీకూతుళ్లను చూసి ఏమనుకున్నారో!

"మడిమె నేలకు తగిలినప్పుడల్ల గా అదురు ఎముకలల్లకెళ్లి చెవి దాక పోతది" అని చెప్పింది డాక్టరమ్మ. "రోజు పోతనే ఉంటది. చెవి తెరిచుంటే అట్లనే బయటికి పోతది, మనకు తెల్వది. రబ్బరు పెట్టి బిగిస్తే అది లోపల్నే మోగుతది. గుండెకు సంబంధం లేదు. నడక మాత్రం ఆపకండి."

బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాక రాజమణికి ఏడుపొచ్చింది. మూడు వారాలుగా దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. స్రవంతి తల్లి భుజం మీద తల పెట్టి, "మడిమెల మీద బరువేసి బండలు పలగ్గొట్టినట్లు నడుస్తవ్, మోగదా మరి!" అంది. ఏడుస్తూనే నవ్వింది రాజమణి.

ఆ పూటే ఆసుపత్రి పక్క సందులో పరీక్షలు పెట్టింది స్రవంతి. తల్లి సంచిలోంచి బడ్స్ డబ్బా తీసి, ఉన్న రబ్బర్లకు బదులు దాంతో వచ్చిన చిన్నవి తొడిగింది. చప్పుడు సగమైంది. బయటి శబ్దాలు లోపలికొచ్చేట్టు మీట నొక్కింది. ఆటో హారన్లు వినిపించాయి కానీ దబ్ దబ్ పెద్దగా తగ్గలేదు. ఒకటి తీసేస్తే ఆ పక్క పోయింది, ఈ పక్క మిగిలింది. చివరికి ఫోన్ల దుకాణంలో రబ్బరే లేని రకం దొరికింది. చెవి రంధ్రంలోకి పోకుండా కమ్మలాగా అంచుకు పట్టుకుని ఉంటుంది. రాజమణి అది పెట్టుకుని దుకాణం ముందు పది అడుగులు వేసి ఆగింది.

"లేదు బిడ్డా" అంది. "ఏం చప్పుడు లేదు."

స్రవంతి ఊరుకోలేదు, అడుగున మెత్తగా ఉండే బూట్లు కూడా కొనిపించింది. చీర మీద బూట్లేమిటని రాజమణి గొణిగింది, కొనుక్కుంది.

మర్నాడు పొద్దున సాంబయ్య ఫోన్ రాగానే జరిగిందంతా మొదటి నుంచీ చెప్పింది. గుండె అనుకున్నది, దాచింది, చెప్పు తెగిందని అబద్ధమాడింది, డాక్టరమ్మ చెవుల్లో వేళ్లు పెట్టించింది. అటు నుంచి ఊ కొట్టడం కూడా లేదు.

"ఉన్నవా?"

"ఉన్న. నీకు గూడనా?" అన్నాడు.

"నాకు గూడనా అంటే ఏందయ్యా?"

"నాకు గూడ గంతే మణీ. గవి పెట్టుకున్న దినం సంది దబ్ దబ్. ఇనుప ముక్కు బూట్లు గద, బండకేసి కొట్టినట్లే. గుండె ఖరాబైందనుకున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వెందుకు చెప్పలే?"

రాజమణి రోడ్డు పక్కన మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చుంది.

"ఇంకోటున్నది" అన్నాడు సాంబయ్య గొంతు తగ్గించి. "ఈడ ఏమన్న అయితే నిన్ను సూడకుంటనే పోతనేమో అని భయమైంది. లీవ్ పెట్టిన. రెండు నెల్లు. అచ్చే నెల ఇరువై తారీఖు. కంపెనీ టికెట్ గూడ ఇచ్చింది."

"పానం బాగ లేదని చెప్పి తీస్కున్నవా?"

"నాకు బాగ లేదంటే ఉద్యోగం పోదా? నా పెండ్లానికి బాగ లేదు అని చెప్పిన."

"ఓయమ్మో! నా మీద పెట్టినవా!"

"ఇప్పుడేం జెయ్యాలె మరి? నీకు బాగైందని చెప్పి క్యాన్సిల్ జేపిచ్చుకోనా?"

"జేపిచ్చుకోని సూడు. నిజంగనే బాగ లేకుంటైత" అంది రాజమణి. అటు నుంచి ఆయన గట్టిగా నవ్వాడు. బస్సు దగ్గర నిలబడ్డ వాళ్లు ఏమైందని అడగడం, ఆయన హిందీలో ఏదో చెప్పడం ఆమెకు వినిపించింది. ఆయన బస్సెక్కే ముందు, చిన్న రబ్బర్లు మార్చుకొమ్మనీ, రెండు చెవులకూ పెట్టొద్దనీ, రోడ్డు చూసుకుని నడవమనీ మూడుసార్లు చెప్పింది.

ఇరవయ్యో తారీఖున సాంబయ్య వచ్చాడు. ఒక వారం పాటు చుట్టాలు వచ్చారు, పోయారు. తొమ్మిదో రోజు పొద్దున ఆరుంబావుకు ఇద్దరూ కలిసి నడకకు బయల్దేరారు.

పక్కపక్కన నడవడం కొత్త. ఎదురొచ్చిన వాళ్లు సాంబయ్యను పలకరించి రాజమణి బూట్ల వైపు చూసి నవ్వుతున్నారు. బస్టాండు దాటారు. ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు. ఆయనకూ తోచినట్టు లేదు, రెండుసార్లు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. రోజూ గలగలా మాట్లాడే మనిషి, ఫోన్లో అట్లా నవ్వే మనిషి, రోడ్డు మీద భార్య పక్కన కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుపోయాడు.

కాసేపటికి ఆయన అడుగు పెంచి పదిహేను గజాలు ముందుకు పోయాడు. కోపమొచ్చిందా అనుకుంది రాజమణి. అంతలో ఫోను మోగింది. చెవి అంచున కమ్మలా ఉన్నదాన్ని నొక్కింది.

"ఏం జేస్తున్నవే?" అన్నాడు సాంబయ్య, వెనక్కి తిరగకుండానే.

"నడుస్తున్న" అంది. "నువ్వో?"

"నేను గూడ. మనూరి రోడ్లు ఎట్లయినయే! అగో, ఆడ పెద్ద గుంతున్నది, సూస్కో."

ఆ మాట ముందు రోడ్డు మీది నుంచి, ఆ వెంటనే చెవిలోంచి, రెండుసార్లు వినిపించింది రాజమణికి. ఆమె గుంత పక్కనుంచి నడిచి, పిల్లి కూనలు పెద్దవయ్యాయా అని అడిగింది.