ఎనిమిది లేని సంఖ్య

నేను ఒక సంఖ్యను. నన్ను పోతపోసిన కంసాలి లేడు, అచ్చువేసిన టంకసాల లేదు. ఒకటిని ఎనభై ఒకటితో భాగించి చూడండి. దశాంశ బిందువు పక్కన ఒక సున్నా, దాని వెనకే నేను: 1,23,45,679. మళ్లీ సున్నా, మళ్లీ నేను. మీ కాగితాలు అయిపోతాయి గానీ నా రాకడ ఆగదు. అంకెలు ఎంత వరసగా నిలబడ్డాయోనని అప్పుడే మురిసిపోకండి. ఏడు పక్కన ఎనిమిది లేదు. ఎన్నిసార్లు వచ్చినా అది నా వెంట రాదు.

గొప్పలు చెప్పుకోకూడదు గానీ, నా అంకెల మొత్తం ముప్పై ఏడు. ఆ ముప్పై ఏడుతో భాగిస్తే నాలో శేషం మిగలదు. తొమ్మిదితో గుణిస్తే వరసగా అన్నీ ఒకట్లే.

గుంతకల్లు రైల్వే కాలనీలో లెక్కల టీచరు కమలాక్షి ఏటా నన్ను నల్లబల్ల మీద రాసేది. పిల్లలను ఇష్టమైన అంకె అడిగి, దాన్ని తొమ్మిదితో హెచ్చవేసి, వచ్చినదానితో నన్ను గుణించమనేది. ఐదు కోరినవాళ్లకు పలకనిండా ఐదులే. ఆమె కూతురు సుగుణ కోరిక మాత్రం ఎప్పుడూ ఒక్కటే.

"పాపం, ఎనిమిదిని ఎవురూ పిల్చలేదు మా. నాకు అదే కావల్ల."

డెబ్బై రెండుతో గుణించేది. అన్నీ ఎనిమిదులే వచ్చేవి. లేదనుకున్నది లోపలే దాక్కుందని తల్లికి చూపించి చంకలు గుద్దుకునేది.

ఒక వానాకాలం కామెర్లు వచ్చి సుగుణ పోయింది. ఆ తర్వాత కమలాక్షి నోట ఎనిమిది రాలేదు. మెట్లెక్కినా, ఇడ్లీలు వడ్డించినా ఏడు తర్వాత తొమ్మిదే. బడిలో అవసరమైతే బల్ల మీద రాసి ఊరుకునేది. పిల్లలు నవ్వుకున్నారు, తోటి టీచర్లు చాదస్తమన్నారు. ఆమె భర్త ఓబులేసు, గూడ్సుబండి గార్డు, తనూ అలాగే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మనుషుల్లో అది తప్పేనట. నాకు మాత్రం, దాచడమెందుకు, నాలాంటివాళ్లు ఇద్దరు దొరికారని ప్రాణం లేచివచ్చింది.

ముసలితనంలో ఆమెకు మతిమరుపు పట్టుకుంది. పొయ్యి మీది పాలు, ఇరుగుపొరుగు పేర్లు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆసుపత్రిలో డాక్టరు పదివరకు లెక్కపెట్టమంటే ఏడు, తొమ్మిది అంది. డాక్టరు పెదవి విరిచాడు. ఓబులేసుకు మాత్రం గుండె కుదుటపడింది. పిల్ల ఇంకా గుర్తుందన్నమాట! వెళ్లినప్పుడల్లా ఆ ఒక్క తప్పు కోసమే చెవులు రిక్కించి కూర్చునేవాడు.

మందులు మార్చాక ఒకనాడు ఆమె ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది."

డాక్టరు సంతోషించి, గుణం కనబడుతోందన్నాడు. ఓబులేసు కుర్చీ దగ్గరికి జరుపుకొని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మన సుగుణకు ఏ అంకె ఇష్టం మే?"

ఆమె మర్యాదగా నవ్వింది.

"సుగుణంటే ఎవురండీ?"

ఇంటికొచ్చి ఆయన ఒక కాగితం తీసుకుని ఒకటిని ఎనభై ఒకటితో భాగిస్తూ కూర్చున్నాడు. నేను వచ్చాను. మళ్లీ వచ్చాను. ఏడు దగ్గరికి రాగానే ఆయన తర్వాతి అంకె కోసం ఆగి చూసేవాడు. నేను మాట తప్పలేదు, తొమ్మిదికే వెళ్లాను. ఆ పిల్లను తలుచుకునేందుకు ఇక మేమిద్దరమే మిగిలాం. ఆయనకూ వయసైపోయింది.