ఈనిన గొర్రెకు పోసే మందు

దాయాదుల పగకు మొదలు ఉంటుంది గానీ తుద ఉండదు. ఈసారి మొదలు ఒక పొట్టేలు. బీరప్ప దేవునికని నరసింహ విడిచిన పొట్టేలు తన జొన్నచేను మేసిందని, చిన్నాయిన కొడుకు బీరన్న దాని మెడ నరికి, తలకాయ తెచ్చి నరసింహ గుమ్మంలో విసిరేశాడు. అడ్డం పోయిన నరసింహకు మూతి పగిలింది, ముందు పళ్లు ఊడాయి.

నరసింహ అక్క మల్లీశ్వరి మహబూబ్‌నగర్‌లో పరిశోధకురాలు. సిలికాన్ బిళ్లను యాసిడ్‌తో తొలిచి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని తీగలు నిలబెట్టడం ఆమె పని. విషవాయువు జాడను అవి పసిగడతాయి. కురుమల ఇంట్లో పుట్టి, మంద వెంట తిరుగుతూ చదివి, ఏండ్ల తరబడి గైడు తిట్లు తిని, ఇప్పుడిప్పుడే సొంత ల్యాబు సంపాదించుకుంది. పళ్లకు మందు కోసం వచ్చిన తమ్ముడికి ఆ గొప్ప చూపించుకోవడం తప్పేమీ కాదు. "గిది గాజును గూడ తింటది తమ్మీ, అందుకే ప్లాస్టిక్ సీసల పెడతం" అని చెప్పి, అలమారాకు తాళం వేయకపోవడమే తప్పు.

మర్నాడు పొద్దున చూస్తే సీసా లేదు. తమ్ముడు ఫోను ఎత్తలేదు. ఆటో కట్టించుకుని ఊరికి ఉరికింది.

నరసింహ అరుగు మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. "దొడ్డి కాడ బీరన్న మీద పోసిన. చేతుల మీద, తొడల మీద. వానికేం గాలే, నవ్విండు. నీళ్లు సూపెట్టి యాసిడని జెప్పినవా అక్కా?"

మల్లీశ్వరి బీరన్న ఇంటి వైపు తిరిగింది. పలచన చేసిన ఆ యాసిడ్ ముందు మండదు. తోలు దాటి దిగి, ఒంట్లో కాల్షియాన్ని తినేస్తుంది. నొప్పి తెలిసేసరికి ఎముక దాకా పోతుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది. ఈ సంగతి ఊళ్లో ఆమెకొక్కదానికే తెలుసు.

"పోకు అక్కా," నరసింహ చెయ్యి పట్టుకున్నాడు. "పోతే నాకు జైలు, నీ నౌకరి గూడ పోతది."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకుని విడిపించుకుంది.

అప్పటికే బీరన్న కల్లంలో పొర్లుతున్నాడు. "బొక్కలల్ల సుత్తెతోని కొడుతున్నరే" అని అరుస్తున్నాడు. మల్లీశ్వరి బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరిస్తూనే, అతని తల్లి గుర్వమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "నా తమ్ముడు పోసింది యాసిడ్, చిన్నమ్మా. నా ల్యాబులది. దవాఖాన దాక ఆగదు. ఈనిన గొర్లు పడిపోతే పోసే కాల్షియం సీసలు ఏడున్నయ్?"

గుర్వమ్మ దుడ్డుకర్ర ఎత్తింది. మొదటి దెబ్బకే మల్లీశ్వరి కుడి మణికట్టు పుటుక్కుమంది. "సంపనీకి యాసిడు, బతికియ్యనీకి గొర్ల మందా?" అంటూ వీపు మీద ఇంకోటి వేసింది. మల్లీశ్వరి పాకుతూ దొడ్డిలోకి పోయి, దూలానికి వేలాడుతున్న సంచి లాగి, పళ్లతో మూతలు పీకింది. తన చున్నీని మందులో తడిపి బీరన్న చేతులకూ తొడలకూ చుట్టింది. నొప్పికి అతను తన్నిన తన్నుకు ఆమెకు కాసేపు ఊపిరాడలేదు. అయినా వదలలేదు, ఆరినచోటల్లా మళ్లీ పోసింది. అరుపు మూలుగైంది. అప్పుడు గుర్వమ్మ కర్ర పారేసి కొడుకు కాళ్లు అదిమి పట్టింది.

ఆటోలో దవాఖానకు తెచ్చారు. డాక్టరు ఏ యాసిడని అడిగితే మల్లీశ్వరి దాని పేరు చెప్పింది, ఎక్కడిదో కూడా చెప్పింది. సూదిమందు సరైనది పడింది. సాయంత్రానికి ల్యాబుకు సీలు పడింది, నరసింహకు బేడీలు పడ్డాయి.

స్టేషన్లో అతను ఒకటే అడిగాడు. "సచ్చిండా?"

"బతికిండు."

"అట్లయితే నువ్వు మా ఇంటి ఆడిబిడ్డవు గాదు."

"కాకుంటే కాకపోనీ. నువ్వు ఖూనీకోరువు గాలే, నాకది సాలు."

ఏడుపు ఆపుకోలేక ముఖం తుడుచుకోబోయి, అలవాటు కొద్దీ కుడిచెయ్యే ఎత్తింది. మణికట్టు వాచి నల్లబడి ఉంది. నరసింహ ఊచలు పట్టుకుని లేచాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎవరు కొట్టిండ్రు నిన్ను? గుర్వమ్మనా?"

మల్లీశ్వరి చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ల్యాబుల జారిపడ్డ," అంది.