చెరువు పట్టాక

హేమ దేన్నైనా ఒకటికి మూడుసార్లు చూసుకుంటే గాని చేతిలోంచి వదలదు. బియ్యంలో రాళ్లయినా అంతే, ఇంగ్లీషు వాక్యమైనా అంతే. అందుకే పక్కింటి రామకోటేశ్వరరావుగారి అబ్బాయి సూర్యప్రకాష్ కొల్లేరు మీద చిన్న సినిమా తీసినప్పుడు, తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు రాసే పని ఆవిడకే అప్పజెప్పాడు.

"నీళ్లకీ మనిషికీ ఉన్న బంధం గురించి ఆంటీ. నలభై నిమిషాలే. మీరు డిగ్రీలో ఇంగ్లీషు చదివారుగా," అన్నాడు.

అందులో మాట్లాడే మనిషిని చూపించిందీ హేమే. భవానీపురంలో వాళ్ల వీధికి వారానికి రెండుసార్లు చేపలబుట్టతో వచ్చే గంగాదేవిది కొల్లేటి లంక. అక్కడ వాళ్ల సంఘానికి ఒక చేపలచెరువుంది. ఆ ఏడు కొల్లేటిలో చెరువుల గట్లన్నీ తెంచి, సరస్సును మళ్లీ సరస్సులా చేయాలని ప్రభుత్వం పూనుకుంది. కొన్నాళ్లు గడువిమ్మని సంఘంవాళ్లు అర్జీ పెట్టుకున్నారు.

సినిమాలో సగం గూడబాతులే. చివర్లో గంగాదేవి గట్టు మీద నిలబడి, ఎండకి కళ్లు చికిలించి అంటుంది: "కొల్లేరు బాగుంటేనేగా మేం బాగుండేది. చెరువు పట్టాక గట్టు తెంచుకోండి బాబూ. ఒక్క మాటనం."

హేమ ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నది. గట్టుకు సరైన ఇంగ్లీషు మాట కోసం నిఘంటువు తీసింది. పట్టడానికి తీయలేదు. కంకిపాడులో పుట్టి పెరిగినదానికి పట్టడమంటే తెలియందేముంది? చెరువు మీరు స్వాధీనం చేసుకుని గట్టు తెంచుకోండి, మాకు అభ్యంతరం లేదు అన్న అర్థం వచ్చేలా, పొందిగ్గా ఒకే వరసలో కుదిర్చింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో సినిమా వేశారు. ముందు వరసలో, ఆ అర్జీ చూడవలసిన అధికారి కూర్చున్నాడు. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. దీపాలు వెలిగాక ఆయనే లేచి, ఆ మత్స్యకార స్త్రీకి ఉన్న పెద్దమనసు మనలో ఎంతమందికుంది అని ఇంగ్లీషులో అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హేమ కూడా కొట్టింది.

మర్నాడు పొద్దున గంగాదేవి గుమ్మంలో బుట్ట దించింది.

"ఇంకో ఇరవై రోజులాగండి అమ్మగారూ. మా చెరువు పడతాం. మీకు మంచి బొచ్చె తెస్తా, తలకాయే కిలో ఉంటది."

"చెరువు పట్టడమేంటి?"

గంగాదేవి నవ్వింది. "ఇన్నేళ్ల నుంచి చేపలు తింటా ఆ ముక్క తెలీదా! వల లాగి చేపంతా బయటికి తీత్తామండీ. అది అయిపోతే ఇంక ఆ గట్టు ఉంటే ఎంత, పోతే ఎంత?"

తప్పు సరిదిద్దాకే ఆవిడకు చెబుదామనుకుని, హేమ చేపలు తీసుకుని పంపేసింది.

అప్పటికప్పుడు సూర్యప్రకాష్‌కి ఫోన్ చేసింది. "క్యాసెట్లు పోటీకి ఢిల్లీ వెళ్లిపోయాయి ఆంటీ," అన్నాడతను. "అయినా అందరికీ నచ్చింది ఆ ఒక్క మాటే. ఇప్పుడు మారిస్తే సినిమాకి ముగింపే ఉండదు."

"ఆవిడ అనని మాట కదయ్యా అది!"

"రాసింది మీరేగా ఆంటీ," అన్నాడు. కోపంగా కాదు, మర్యాదగానే.

రెండు పేజీల ఉత్తరం ఇంగ్లీషులో రాసుకుని హేమ ఆ అధికారి ఆఫీసుకు వెళ్లింది. సారు క్యాంపులో ఉన్నారన్నారు. గుమాస్తా ఉత్తరం తీసుకుని, పైవరస చదివి, అట్ట కింద పెట్టాడు.

"ఆవిడ ఒప్పుకుందిగా మేడమ్, మేమూ చూశాం. సారు అర్జీ మీద అదే రాశారు కూడా."

"ఒప్పుకోలేదండీ. నేను తప్పు రాశాను."

"మరి ఆ మాట హాల్లోనే చెప్పాల్సింది," అన్నాడతను.

మళ్లీ రెండుసార్లు వెళ్లింది. ఉత్తరం ఆ అట్ట కిందే ఉంది. తొమ్మిదో రోజున లంకలోకి యంత్రాలొచ్చాయి.

ఆ తర్వాత పది రోజులకు గంగాదేవి వచ్చింది. బుట్టలో చెయ్యి మందం కూడా లేని చేపలున్నాయి. ఎదిగినవన్నీ గండిలోంచి వెళ్లిపోయాయట. పిల్లాపెద్దా నడుంలోతు నీళ్లలో దిగి, చీరలు అడ్డం పెట్టి, దొరికినవి దొరికినట్టు ఏరుకున్నారట.

"ఆ సినిమా మీ టీవీలో వత్తదంట కదమ్మా. ఒకసారి చూపిత్తారా?"

సూర్యప్రకాష్ ఇచ్చిన సీడీ హేమ పెట్టింది. గంగాదేవి సోఫా మీద కూర్చోమన్నా కూర్చోలేదు, గచ్చు మీదే కూలబడింది. గూడబాతులు గుంపుగా లేచినప్పుడు, "అబ్బ, ఏం తీశాడండీ!" అంది. తర్వాత తనొచ్చింది. గట్టు వచ్చింది.

"నా అడుగున ఏయో అచ్చరాలు పోతన్నాయి. ఏం రాశారమ్మా?"

అబద్ధం చెప్పడానికి హేమ నోరు తెరిచింది. అది పలకలేక, ఉన్నదున్నట్టు తెలుగులో చదివింది. ఏది ఎక్కడ తప్పిందో, ఆ ఆఫీసులో ఏమన్నారో అంతా చెప్పింది.

గంగాదేవి తల తిప్పి హేమ వైపు చూసింది.

"ఆ మాటకి అర్థమేంటని నన్నడగొచ్చుగా అమ్మా," అంది. "వారానికి రెండుసార్లు మీ గుమ్మంలోనేగా ఉంటా."

హేమ ఆపేయడానికి రిమోట్ తీసుకుంది.

"ఇంకోసారెయ్యండి. నేనన్నది సరిగ్గా వింటా."

హేమ వెనక్కి తిప్పింది. తెర మీద గంగాదేవి మళ్లీ కళ్లు చికిలించి, గట్టు మీద నిలబడి, స్పష్టంగా తన మాటే తను చెప్పింది. అడుగున హేమ అక్షరాలు, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో, మళ్లీ అలాగే నడిచిపోయాయి.